చప్పుడు లేని కారు

మొన్న సాయంత్రం టెక్కలి మార్కెట్లో వంకాయలు ఏరుకుంటుంటే, వెనక ఎవరో నిలబడినట్టనిపించింది. తిరిగి చూస్తే నా చీర కుచ్చెళ్లకు జానెడు దూరంలో ఒక చిన్న తెల్ల కారు ఆగి ఉంది. ఎప్పుడొచ్చిందో, ఎంతసేపటి నుంచి అక్కడుందో తెలియదు. కరెంటు కారు. లోపలున్నాయన "సారీ మేడమ్" అని చెయ్యెత్తాడు. నా నోట్లోంచి మాత్రం "అత్తా!" అన్న మాట వచ్చేసింది. వంకాయలమ్మే ఆమె నాకేదో అయిందనుకుని మంచినీళ్లు కావాలా అని అడిగింది.

మా అత్త పోయిన వానాకాలంలో పోయింది. మా నాన్నకు అక్క. పలాసలో ఒక్కతే ఉండేది. మావయ్య జీడిపప్పు వ్యాపారం చేసి, వ్యాపారంలో ఉండగానే కన్నుమూశాడు. కొడుకు, అంటే మా బావ, విశాఖపట్నంలో ఉద్యోగం. వ్యాపారం ఎత్తేశాక ఆవిడకు మిగిలింది పలాస ఇల్లు, అక్కుపల్లి వెళ్లే దారిలో ఒక కొబ్బరితోట, దాన్ని ఆనుకుని కొంత జీడితోట. ఇంకొకటి కూడా మిగిలింది. అనుమానం.

జీడిగింజల బస్తా వస్తే పైన చూసేది కాదు. చీర కొంగు దోపుకుని, మోచేతి దాకా చెయ్యి దింపి అడుగునుంచి గుప్పెడు తీసి పగలగొట్టి చూసేది. మావయ్య పోయాక కూడా ఆ చెయ్యి ఊరుకోలేదు. పెళ్లిళ్లలో వడ్డించే వాళ్లని "అడుగునుంచి కలిపి ఎయ్యి బాబూ" అనేది. పాలవాడు ఎదురుగా ఉండగానే పాలచుక్క బొటనవేలి గోరు మీద వేసుకుని, అది జారే తీరు చూసేది. మా ఇంటికి టెక్కలి వస్తే చెప్పులు విప్పీ విప్పకుండానే మా అమ్మాయి సెల్‌ఫోన్ వీపు మీద చెయ్యి పెట్టేది.

"ఏటే సేత్తన్నావు?"

"చదువుకుంటున్నాను మామ్మా."

"మరి సెల్లుకెందుకే జొరమొచ్చింది?"

ఎవరైనా ఏదైనా చెబుతుంటే కళ్లద్దాలు తీసి ఒళ్లో పెట్టుకునేది. అదేమిటని ఒకసారి అడిగాను. "అద్దాలెట్టుకుంటే మొకం అవుపిత్తాది. మొకానిదేటుంది, అందరూ బాగానే ఎట్టుకుంటారు. అద్దాలు తీత్తే గొంతు ఇనబడతాది," అంది. అవతలివాళ్లు చెప్పడం పూర్తయ్యాక ఒకే మాట అడిగేది. "అంతేనేటి?" అడిగి ఊరుకునేది. ఆ ఊరుకోవడం భరించడం కష్టం. ఏమీ దాచని వాళ్లకు కూడా ఏదో దాచినట్టనిపించి, అక్కర్లేనివన్నీ చెప్పేసేవాళ్లు. నేను మా ఆయన్ని చేసుకుంటానన్న సంగతి ఇంట్లో ఎవరికీ తెలియక ముందే ఆ "అంతేనేటి"కి దొరికిపోయి ఆవిడకు చెప్పేశాను.

అలాంటి మనిషి ఒకరోజు ఫోన్ చేసి, కరెంటు కారు కొంటానంది.

ఆవిడకు అంతకుముందు పెద్ద కారూ డ్రైవరూ ఉండేవి. డ్రైవరు డీజిలు తీసి అమ్ముకుంటున్నాడని ఆవిడ అనుమానం. అతను ఓపిక పట్టి పట్టి, తాళాలు టీపాయి మీద పెట్టి వెళ్లిపోయాడు. కారు అమ్మేసింది. తర్వాత ఆటోలు. ఆటోవాడు పక్కనున్న కాశీబుగ్గలో చుట్టు తిప్పి తెస్తున్నాడని ఇంకో అనుమానం. ఇప్పుడు డ్రైవింగ్ స్కూల్లో చేరి, అరవై దాటాక స్టీరింగు పట్టుకుంది. గేర్లున్న బండి ఆవిడకు నచ్చలేదు. "ఎడం సెయ్యి ఒకటి సేత్తే ఎడంకాలు ఇంకోటి సెయ్యాలంట. నా సేతిని నాను నమ్ముతాను గానీ కాలిని నమ్మను," అంది.

మా బావ నాకు ఫోన్ చేశాడు. "అమ్మకి ఈ వయసులో కారెందుకు? ఏదో ఉంది. నువ్వు కనుక్కో," అన్నాడు. తల్లి పోలికే.

నేనూ అడిగాను. "పలాసలో కూరగాయలకీ గుడికీ కారెందుకత్తా?"

"పెట్రోలు కరుసు నేదు కదే."

"అంతేనా?"

"నా మాట నాకే అప్పజెప్తన్నావేటి?" అని ఫోన్ పెట్టేసింది.

అప్పటికే ఆవిడ చాలా విచారణ చేసింది. పలాస స్టేషన్ బయట కరెంటు ఆటోవాళ్ల దగ్గర నిలబడి, ఎండాకాలం ఎంత దూరం పోతుంది, వానాకాలం ఎంత దూరం పోతుంది, చార్జింగ్ పెట్టి మరిచిపోతే ఏమవుతుంది అని అడిగి అడిగి వాళ్ల బేరాలు పోగొట్టింది. చివరికి ఒక ఆదివారం నన్ను వెంటబెట్టుకుని టెక్కలిలో కొత్తగా తెరిచిన షోరూముకు వెళ్లింది. మెడలో టై కట్టుకున్న సేల్స్‌మన్ నవ్వుతూ ఎదురొచ్చాడు. పాపం, అతనికేం తెలుసు.

ఉన్నవాటిలో అన్నిటికంటే చవకైన చిన్న కారు చూపించి, "టౌన్లో తిరగడానికి దీన్ని మించింది లేదమ్మా," అన్నాడు.

"ఇంత సవగ్గా ఎందుకిత్తన్నారు?"

"కంపెనీ ధరేనమ్మా అది."

"దీన్లోంచి ఏటి తీసేసినారు అనడుగుతన్నాను."

అతను నా వంక చూశాడు. నేను గోడ మీది బొమ్మలు చూస్తున్నాను. "బ్యాటరీ చిన్నదమ్మా. దూరాలు పోలేదు. సిటీలో, టౌన్లో తిరిగేవాళ్ల కోసం చేశారు," అన్నాడు. ఒక్క చార్జింగుకి ఎంత దూరం పోతుందో చెప్పాడు. అత్త కళ్లద్దాలు తీసింది.

"అంతేనేటి?"

"అంటే... ఏసీ వేస్తే కొంచెం తగ్గుతుంది."

ఆవిడ కళ్లద్దాలు మళ్లీ పెట్టుకోలేదు.

"నలుగురు కూర్చుంటే ఇంకొంచెం తగ్గుతుంది. మరీ స్పీడుగా పోతే ఇంకొంచెం..." అతనికి చెమట పట్టింది. "అమ్మా, కాగితం మీద రాసిందాంట్లో మూడో వంతు తీసేసి లెక్క వేసుకోండి. నేను చెప్పానని అనకండి."

"అదీ మాట," అంది అత్త. మొదటిసారి అతన్ని మనిషిగా చూసింది. "బాటరీకి ఎనిమిదేళ్లు గేరంటీ అన్నావు. ఎనిమిదేళ్లకి నీ షాపు ఉంటాదా?"

"నేనుంటానో లేదో నాకే తెలీదమ్మా."

ఆ జవాబు కూడా నచ్చినట్టే ఉంది. తర్వాత వానలో షాకు కొడుతుందా, ఇంట్లో ఏసీ పెట్టే ప్లగ్గు సరిపోతుందా, రోడ్డు మీద నీళ్లు నిలిస్తే ఎంత లోతు దాకా పోవచ్చు అని అడిగింది. ఏసీ పెద్దగా పెట్టించి, నన్నూ సేల్స్‌మన్‌నీ వెనక కూర్చోబెట్టి, హైవే ఫ్లైఓవర్ ఎక్కించింది. వాలు మధ్యలో ఆపింది. వెనక్కి జారుతుందేమోనని వేచి చూసింది. వెనక లారీ గోలగోలగా హారన్ కొడుతోంది. నేను దేవుణ్ణి తలుచుకున్నాను. కారు జారలేదు.

కిందికి దిగాక కారు దిగి, సేల్స్‌మన్‌ని నడపమని, తను రోడ్డు పక్కన అటు తిరిగి నిలబడింది. కారు ఆవిడ పక్కనుంచి వెళ్లి ఆగింది. ఆవిడ తిరగలేదు. చాలాసేపటికి, "ఇంకా రానేదేటి?" అంది.

"వచ్చి ఆగాడత్తా. నీ పక్కనే ఉన్నాడు."

తిరిగి చూసింది. మొహంలో వెలుగొచ్చింది. "సప్పుడే సేయదేటి!"

నెమ్మదిగా పోయేటప్పుడు దాదాపు వినబడదనీ, అది కొందరికి నచ్చదనీ సేల్స్‌మన్ సంజాయిషీ ఇవ్వబోయాడు. అత్త వినడం మానేసింది. ఆ సాయంత్రమే కారు ఖాయం చేసింది. పెట్రోలు ఖర్చు గురించి ఆవిడ చెప్పిందంతా ఒట్టిదేనని నాకప్పుడు తెలిసింది.

ఆ తర్వాత ఎవరికీ మనశ్శాంతి లేదు. జీడిపప్పు ఒలిచే చోట ఆడవాళ్లు కబుర్లాడుకుంటుంటే గుమ్మంలో అత్త ఉండేది. కిరాణా కొట్టువాడు చింతపండు తూస్తుంటే తక్కెడ ముల్లు పక్కన అత్త మొహం. ఒకరోజు నేను మా పెరట్లో పక్కింటావిడతో ఆవిడ గురించే చెప్పి నవ్వుతున్నాను. గోడవతలి నుంచి, "నవ్వడమయితే తలుపు తియ్యి, కాలు నొప్పెడతంది," అని వినబడింది. కాశీబుగ్గలో దానికి పిల్లికారు అని పేరు పెట్టారు. ఆ పేరు ఆవిడకు తెలుసు. కోపం రాలేదు.

అసలు గురి తోట మీద ఉంది. తోట కౌలుకు చేసే రైతు మావయ్య కాలం నుంచీ ఉన్నవాడే. ఈ మధ్య కాయ తక్కువ వస్తోంది. గాలివానలకు చెట్లు దెబ్బతిన్నాయంటాడు. అత్త నమ్మలేదు. పాత కారు హారన్ ఊరి మొదట్లోనే వినబడేది, ఆటో చప్పుడు అంతకంటే ముందే వినబడేది. ఈసారి ఒక ఆదివారం తెల్లవారి నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది.

"నానెందుకత్తా?" అని ఆవిడ యాసలోనే అడిగాను.

"సాచ్చెం సెప్పడానికి."

కాశీబుగ్గ దాటి, జీడిపూత వాసన వేసే దారంట, ఇసుక రోడ్డు మీద పాములాగా కారు తోటలోకి దూరింది. పంపుషెడ్డు దగ్గర చెట్ల చాటున ఆపింది. దిగకుండా చూడమని చేత్తో సైగ చేసింది.

ఆ రైతు మంచం మీద కూర్చుని ఉన్నాడు. పాదాలు ఉబ్బి ఉన్నాయి. అతని భార్య చేతిలో చిన్న స్టీలు గ్లాసు.

"ఇంకొక్క గుక్కే," అంటున్నాడతను.

"మద్దేనానికుండద్దా? సాలు. నోరు తడుపుకో," అని ఆమె గ్లాసు లోపలికి తీసుకుపోయింది.

నాకు అర్థం కాలేదు. అత్తకు మాత్రం వాళ్లు ఏదో దాస్తున్నారన్న సంగతి అర్థమైంది. కారు దిగి దగ్గింది. అతను అదిరిపడి లేచాడు. లుంగీ కిందికి లాక్కుని పాదాలు కప్పుకున్నాడు.

"అమ్మగోరా! ఎప్పుడొచ్చినారు? కూకోండి, బొండాలు కొడతాను."

రెండు బొండాలు కొట్టి మా చేతికిచ్చాడు. అత్త బొండాం నోటిదాకా తెచ్చి ఆగింది. ఎదుటివాళ్లు తాగనిది ఆవిడ తాగదు.

"నువ్వు తాగవేటి?"

"నాకొద్దమ్మగోరూ."

"తోట నిండా బొండాలెట్టుకుని వొద్దంటావేటి? ఇందులో ఏటున్నాది?"

అతను నేల చూశాడు. లోపల్నుంచి అతని భార్య పరుగున వచ్చింది. "ఏటీ నేదమ్మా, మంచి నీల్లే. ఆయనే తాగకూడదు. డాక్టరుబాబు బొండాం నీల్లు ముట్టొద్దన్నారు, మంచినీల్లు కూడా కొలిసి తాగమన్నారు. కిడ్నీలు పోనాయమ్మా," అని కొంగు నోట్లో కుక్కుకుంది.

ఊరూరా కిడ్నీ జబ్బున్న మా ఉద్దానంలో ఆ మాటకు వివరం ఎవరూ అడగరు. మా అత్త బొండాం కింద పెట్టి కళ్లద్దాలు తీసింది. అతను చెప్పాడు. కొంతకాలంగా వారానికి రెండుసార్లు పలాస వెళ్లి డయాలసిస్, అంటే రక్తశుద్ధి, చేయించుకుంటున్నాడు. పని చెయ్యలేనివాడని తెలిస్తే తోట ఇంకొకరికి ఇచ్చేస్తారని భయపడి చెప్పలేదు.

అతను ఆగాడు. కాకి ఒకటి పంపు మీద వాలి నీళ్ల కోసం చూస్తోంది.

"అంతేనేటి?" అంది మా అత్త.

నాకు ఒళ్లు మండింది. ఆవిడ చెయ్యి పట్టుకుని లేపబోయాను. ఆవిడ కదల్లేదు. అతను తల వంచుకుని ఏడ్చాడు.

"కాయలమ్ముకున్నానమ్మగోరూ. ఆటో కర్సులకి. గాలివాన కాదు. నానే అమ్మినాను."

మా అత్త నా వైపు తిరిగింది. ఆ మొహంలో కనబడినంత సంతోషం కొడుకు పెళ్లినాడు కూడా నేను చూడలేదు. "సూసావా? నానన్నానా నేదా? గాలివానంట, గాలివాన!" అంది. ఒకరి కన్నీళ్ల ముందు ఇంత సంబరపడే మనిషి మా రక్తమా అనిపించింది.

ఆ సంబరం తీరాక బొండాం ఎత్తి తాగింది. మూతి తుడుచుకుని అతని భార్యనడిగింది. "మల్లీ ఎప్పుడెల్లాల?"

"మంగళారమమ్మా."

"నాను వొత్తాను. తయారుగా ఉండమను."

అతను భయపడ్డాడు. "ఎందుకమ్మగోరూ? నానెల్తాను."

"ఎందుకేటి? ఎక్కడికెల్తన్నావో సూడొద్దా?"

మంగళవారం ఈవిడ వెళ్లేసరికి అతను లేడు. ఈవిడకు దొరక్కుండా ఉండాలని ముందే ఆటో ఎక్కి వెళ్లిపోయాడు. అమ్మగారు కారులో ఎక్కించుకుపోయి పోలీస్ స్టేషన్లో దింపుతుందని అతని అనుమానం. అత్త వెనక్కి వచ్చి ఆసుపత్రి బయట కాచుకుని కూర్చుంది. అతను చేతికి కట్టుతో, గోడ పట్టుకుని బయటికొచ్చాడు. ఎదురుగా కారు. "నా మీదే అనుమానమేటి నీకు? ఎక్కు," అని అరిచిందట. నడిచే ఓపిక లేక ఎక్కాడు. దారిలో తలుపు హ్యాండిల్ వదల్లేదట. ఆ సంగతి ఆవిడే కోపంగా నాకు చెప్పింది.

అలా మొదలైంది. మంగళవారం, శుక్రవారం పిల్లికారు తోటకు వెళ్లేది. పొద్దున్నే తీసుకొచ్చి, అతను లోపలున్నంతసేపూ బయట వేపచెట్టు కింద కారులో కూర్చుని, తిరిగి దింపేది. ఆసుపత్రివాళ్లనూ వదల్లేదు. ఆ యంత్రంలోకి వచ్చే నీళ్లు ఎక్కడివి, ట్యాంకు ఎప్పుడు కడిగారు, ముందు కూర్చున్నవాడి రక్తం ఇతనిలో కలవదు కదా అని ప్రతి వారం అడిగేది. ఒక నర్సమ్మ విసిగిపోయి ఆవిణ్ణి లోపలికి తీసుకెళ్లి అంతా చూపించిందట. "శుబ్బరంగానే ఉంది. సూత్తన్నానని కడిగినారేమో," అంది నాతో.

ఊళ్లో ఎవరూ దీన్ని మంచిగా నమ్మలేదు. తోట అమ్మకానికి పెట్టి, అతన్ని మెల్లగా ఖాళీ చేయించే ఎత్తని కొందరు అన్నారు. పంచాయతీ ఎన్నికలొస్తున్నాయని కొందరు అన్నారు. మా బావ విశాఖపట్నం నుంచి ఫోన్ చేసి, "ఆ రైతు అమ్మచేత తోట రాయించుకుంటున్నాడేమో కనుక్కో," అన్నాడు. ఇంతమంది అనుమానాలు విని నాకూ పురుగు తొలిచింది.

"ఎందుకత్తా ఇదంతా?" అని ఒకరోజు సూటిగా అడిగాను.

"ఆడు నా పక్కన కూకుంటే నా కంటి ముందుంటాడే. నా కంటి ముందుంటే కాయలెలా అమ్ముతాడు?"

"వారానికి రెండు రోజులేగా? మిగతా రోజులు?"

"మిగతా రోజులు ఆడికి ఓపికేదీ?" అంది. మళ్లీ తనే, "కాయల్లెక్క కాయల్లెక్కే. అది నాను ఒదల్లేదు. ఆడికీ సెప్పినాను," అంది. నిజంగానే వదల్లేదు. అతన్ని మంచం మీద కూర్చోబెట్టాక కొబ్బరి రాశి చుట్టూ ఒకసారి తిరిగి, కాలితో అడుగు కాయలు కదిపి చూసి గానీ కారెక్కేది కాదు. అయితే కాయ దింపడానికి మనుషుల్ని తనే పెట్టింది. తోట ఇంకొకరికి ఇవ్వలేదు.

వానలు మొదలయ్యాక ఒక శుక్రవారం సాయంత్రం టెక్కలి వచ్చింది. ఎప్పటిలా మా అమ్మాయిని పలకరించలేదు. వంటింట్లోకి వచ్చి పీట మీద కూలబడింది. ఏదైనా గొడవ జరిగిందేమోనని భయపడ్డాను.

"ఒలే, ఆడు నిద్దరోయాడే."

"ఎవరు?"

"ఆడే. బండిలో."

"రక్తశుద్ధి అయ్యాక నీరసం కదత్తా. అందరూ అలాగే నిద్రపోతారట."

"అప్పుడు కాదే, ఎల్లినప్పుడు. పొద్దున్న. తోటలో ఎక్కినాడు, జీడితోటలు దాటనేదు, నోరు తెరిసి నిద్దరోయాడు. తల నా బుజం మీదకొచ్చేసింది." ఆవిడ తన భుజం వంక చూసుకుంది. "నాను బండి నేర్సుకుని ఏడాది నిండనేదు. వాన. ఎదురుగుండా ఇసక లారీలు. నాకే నా మీద నమ్మకం నేదు. ఆడు నన్ను నమ్మీసి నిద్దరోయాడే!"

నేను స్టౌ ఆపేసి ఆవిడ ఎదురుగా కూర్చున్నాను. అంత పెద్దమనిషి కళ్లల్లో, మొదటిసారి ఎవరో చంటిబిడ్డను ఎత్తుకోమని చేతికిస్తే కలిగే కంగారు ఉంది.

"మరేం చేశావు?"

"ఏటి సేత్తాను? నిమ్మలంగా నడిపినాను. హారన్ కొట్టనేదు. ఆసుపత్రి కాడ కూడా బేగి లేపబుద్ది కానేదు. నర్సమ్మొచ్చి లేపింది."

టీ ఇచ్చాను. వాసన చూడకుండా తాగేసింది.

ఆ తర్వాతి ఆదివారం తెల్లవారి పనిమనిషి వెళ్లి తలుపు కొడితే తియ్యలేదు. నిద్రలోనే గుండె ఆగిందన్నారు. మేమంతా పలాస చేరాం. సోమవారం అంతా అయిపోయింది. అందరూ వరండాలో కూర్చుని ఉండగా మా బావ, "రేపు ఆ తోట మనిషిని ఎవరు తీసుకెళ్తారు?" అన్నాడు. బావ అడుగుతాడని నేననుకోలేదు. తాళాలు నా చేతిలో పెట్టాడు.

మంగళవారం పొద్దున నేను కారు తోట దగ్గరికి తీసుకెళ్లాను. ఆ రైతు తయారై రోడ్డు పక్కన నిలబడి ఉన్నాడు. కారు ఆగగానే పక్క సీటు తలుపు తీసి, స్టీరింగు దగ్గర నన్ను చూసి కాసేపు అలాగే నిలబడ్డాడు. భార్య వెనకనుంచి మెల్లగా తోస్తే ఎక్కాడు. జీడితోటలు దాటాం. ఊరు దాటాం. వాన లేదు, లారీలు కూడా లేవు. ఆవిడకంటే ఎన్నో ఏళ్ల ముందు నుంచి నేను కారు నడుపుతున్నాను. అయినా ఆసుపత్రి దాకా ఆ దారంతా అతను రెండు కళ్లూ తెరుచుకుని, రోడ్డు వంకే చూస్తూ కూర్చున్నాడు.